ఒక్క కుర్చీకి సరిపడే తెర

...అంచేత నేననేది ఏమిటంటే, మనిషి నాగరికత టీవీని హాల్లోంచి సాగనంపి ఆ జాగాలో ఒక పెద్ద మానిటర్ పెట్టుకున్న రోజున మొదలవుతుంది. నిప్పు రాజెయ్యడం, చక్రం దొర్లించడం, ఇవన్నీ దానికి ముందు జరిగిన చిల్లర పనులు.

నవ్వకండి. నేను పదిహేడు రోజులుగా ఆ నాగరికతలో బతుకుతున్నాను. దాని కొలత మూలనుంచి మూలకి నలభైమూడు అంగుళాలు. దానికి ఛానెళ్ళు లేవు, స్పీకర్లు లేవు, రిమోట్ లేదు. ఇన్ని లేకుండా కూడా ఒక వస్తువు టీవీకంటే ఎక్కువ ఖరీదు చేస్తోందంటే, అది ఎంత గొప్పదై ఉండాలి?

టీవీ సంగతి ఒకసారి ఆలోచించండి. మనం వింటున్నామా లేదా అన్నది దానికి అనవసరం. స్నానానికి వెళ్ళినా మాట్లాడుతుంది, నిద్రపోయినా మాట్లాడుతుంది, ఇంటికి తాళం వేసి ఊరెళ్ళినా మాట్లాడుతుంది. మనుషుల్లో ఎవరైనా ఇలా ఉంటే మెల్లిగా చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాం. మానిటర్ అలా కాదు. మీరు పలకరించకపోతే పది నిమిషాలు ఓపిక పట్టి, 'సిగ్నల్ లేదు' అని మర్యాదగా ఒక మాట చెప్పి, కళ్ళు మూసుకుంటుంది. అలగదు, సాధించదు, గతం తవ్వదు. ఇరవై రెండేళ్ళుగా టీచర్ల శిక్షణ కాలేజీలో సైకాలజీ పాఠం చెబుతున్నవాడిగా అంటున్నాను: ఇంత ఆరోగ్యకరమైన వ్యక్తిత్వం నాకు మనుషుల్లో ఎక్కడా తగల్లేదు. నాతో సహా.

మా టీవీ అమ్మది. అమ్మ పోయి ఆరేళ్ళయింది, టీవీ మిగిలింది. ఈ మధ్య ఒక సాయంత్రం కరెంటు పోయింది, వచ్చింది, పోయింది, వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు టీవీ లోపల ఎవరో మెటిక విరిచినట్టు చిన్న చప్పుడైంది. తర్వాత కాస్త పొగ. కరెంటు ఇలా వచ్చిపోయే మా కుమాసీ నగరంలో ఉండేవాళ్ళకి ఆ వాసన వేరే చెప్పక్కర్లేదు.

ఆ క్షణంలో నాకు కలగవలసింది దుఃఖం. కలిగింది ఏమిటని నిజాయితీగా లోపలికి తొంగి చూసుకున్నాను. గంతులేస్తున్న ఒక చిన్నపిల్లవాడు కనిపించాడు. ఎందుకో చెప్పాలంటే ముందు ఒపానిన్ తవియా గురించి చెప్పాలి.

మాది టాఫో వైపు, ఒకే వాకిలి చుట్టూ తొమ్మిది వాటాలున్న లోగిలి. నా వాటాకి ఎదురు గదిలో తవియా ఉంటాడు. వయసులో అందరికంటే పెద్ద కాబట్టి ఒపానిన్ అని పిలుస్తాం. రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆయన తిరిగిన లైన్లో రైళ్ళు ఆగిపోయి చాలా ఏళ్ళయింది గాని, ఆయన ఆగలేదు. ఆరేళ్ళపాటు ప్రతి సాయంత్రం సరిగ్గా ఏడింటికి, ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా, నా గుమ్మంలో ప్రత్యక్షమయ్యేవాడు.

పద్ధతి మాత్రం ఏనాడూ తప్పలేదు. నేను గ్లాసుతో మంచినీళ్ళు ఇవ్వాలి. ఆయన తాగాలి. అప్పుడు నేను, "ఇక్కడ అంతా చల్లగానే ఉంది. దారిన పడి వచ్చింది మీరు. ఏమిటి విశేషం?" అని అడగాలి. వాకిలి దాటడానికి పదిహేడు అడుగులు పడతాయి. ఆ పదిహేడడుగుల ప్రయాణికుడు గొంతు సవరించుకుని, "చెడ్డకబురేమీ లేదు మాస్టారూ. నువ్వెలా ఉన్నావో ఒకసారి చూసి పోదామని" అనేవాడు. ఆ మాట అంటూనే కళ్ళు టీవీ వైపు తిప్పేవాడు. మనిషి నోటికీ కంటికీ మధ్య ఉండే ఎడం గురించి క్లాసులో ఉదాహరణ కావలసి వచ్చినప్పుడల్లా నేను ఒపానిన్ తవియాని వాడుకున్నాను.

కూర్చోవడానికి ఆయన పీట ఆయనదే. ముదురు చెక్కలో మలిచిన పాత పీట, నా హాల్లోనే ఉండేది. లేచి వెళ్ళేటప్పుడు దాన్ని పక్కకి ఒరగబెట్టి వెళ్ళేవాడు. నిలబెట్టి వదిలేసిన పీట మీద ఎవరు పడితే వాళ్ళు, ఒంట్లో ప్రాణం లేనివాళ్ళు కూడా, వచ్చి కూర్చుంటారు కదా. అలా ఆ పీట పగలంతా పడుకుని సాయంత్రం రెండు గంటలు మేలుకునేది.

ఆ రెండు గంటలూ శబ్దం అరవైలో ఉండాలి. ఆయన కుడిచెవిని ఇంజను కూతలు ఎప్పుడో తినేశాయి. వార్తల్లో ఎవరు కనిపించినా, "ఎవరతను? మంచివాడేనా?" అని అడుగుతాడు. తర్వాత సీరియల్. ఎక్కడో ఇండియాలో ఒక అత్తగారు ఉరుము ఉరిమినప్పుడల్లా కోడలి వైపు మూడుసార్లు తల తిప్పి చూస్తుంది. డబ్బింగు పుణ్యమా అని ఆవిడ నోట మా త్వీ భాష. ఒంటినిండా అంత బంగారం వేసుకుని వంటింట్లోకి ఎందుకు వెళ్తుందో మా లోగిల్లో ఎవరికీ అర్థం కాలేదు. తవియా మాత్రం ఆ కుటుంబాన్ని తన పెట్టెలో ఎక్కిన ప్రయాణికుల్లాగే చూసేవాడు.

"ఆ పిల్ల తప్పు బండి ఎక్కింది మాస్టారూ. వచ్చే స్టేషన్లో దించెయ్యాలి."

"దించండి ఒపానిన్."

"ఎలా దించుతాను? మధ్యలో ప్రకటనలు."

తొమ్మిదింటికి సీరియల్ అయ్యాక లేచి, "సగం దారి ఇప్పించు" అనేవాడు. "ఇచ్చాం" అనేవాణ్ణి. అంతే. సెలవు అడిగేవాడు సగమే అడుగుతాడు, ఇచ్చేవాడూ సగమే ఇస్తాడు. మిగతా సగం ఇంటివాడి దగ్గర ఉండిపోతుంది కాబట్టి దానికోసం వచ్చినవాడు మళ్ళీ రావాలి. మర్నాడు ఏడింటికి వచ్చేవాడు.

ఇదంతా జరుగుతున్న కాలంలో నేను ఒక పుస్తకం రాస్తున్నాను. పేరు 'ఏకాంతం: ఒక మానసిక పరిశీలన'. ఆరేళ్ళలో రెండున్నర అధ్యాయాలయ్యాయి. ఎందుకు ముందుకి సాగలేదని అడుగుతారా? మూడో అధ్యాయంలో అత్తగారు అడ్డు నిలబడింది.

ఇప్పుడు అర్థమైందా ఆ పిల్లవాడు ఎందుకు గంతులేశాడో?

టీవీ పోయింది, మంచిదే. కాని హాల్లో గోడ బోసిగా ఉంటే లోగిలి ఊరుకోదు. మర్నాడే మామె సెర్వా వాకిట్లో పట్టుకుంది. ఆవిడ గేటు పక్క కెంకే, అంటే పొత్తుల్లో చుట్టి ఉడికించిన పులిసిన మొక్కజొన్నపిండి ముద్దలు, వేయించిన చేపలు అమ్ముతుంది. ఆవిడ పొయ్యి దగ్గరికి చేరని కబురు మా వాడలో లేదు.

"మాస్టారూ, టీవీ పోయిందట. పెద్దది కొను, నలుగురం చూస్తాం."

నలుగురం! ఆ రాత్రి నాకు జ్ఞానోదయం అయింది. తెర ఉండాలి, కాని నలుగురు చూడకూడదు. అటువంటి తెర ఒకటి మానవజాతి ఇప్పటికే తయారుచేసి పెట్టుకుంది.

తర్వాత తొమ్మిది రోజులు నేను పడ్డ ఆనందం పెళ్ళివారు కూడా పడి ఉండరు. టేపు తెచ్చి గోడ కొలిచాను. కుర్చీ కొలిచాను. కుర్చీలో కూర్చున్న నా కంటి ఎత్తు కొలిచాను, భోజనానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. ముప్ఫై రెండు, నలభైమూడు, నలభైతొమ్మిది అంగుళాల అట్టముక్కలు కత్తిరించి గోడకి వరసగా అంటించాను. తెర ఎత్తుకి ఇన్ని రెట్ల దూరంలో కూర్చోవాలని ఒక సూత్రం, కాదు అందులో సగం దూరమే అని ఇంకో సూత్రం. అద్దంలా మెరిసే తెరా, మెరవని తెరా? మెరిసేదైతే నల్లటి దృశ్యాల్లో నా మొహం నాకే కనిపిస్తుంది. దానికి నేను మానసికంగా సిద్ధంగా ఉన్నానా? వంపు తిరిగిన తెర ఒకటుంది, అది కూర్చున్నవాణ్ణి రెండు చేతులతో దగ్గరికి తీసుకున్నట్టు ఉంటుందట. దాని గురించి ఒక పూట ఆలోచించి, నా వయసుకి తగదని వదిలేశాను.

ఇందులో ఒక విచిత్రం చెప్పాలి. ఆ తొమ్మిది రోజులూ కూడా ఒపానిన్ తవియా ఏడింటికి వచ్చాడు. నీళ్ళు తాగాడు. చెడ్డకబురేమీ లేదన్నాడు. పీట నిలబెట్టుకుని, గోడ మీది అట్టముక్కల ఎదురుగా రెండు గంటలు కూర్చున్నాడు.

"మధ్యది బాగుంది మాస్టారూ" అన్నాడు మూడోరోజున.

"ఎందుకని?"

"ప్రకటనలు లేవు."

గంట మోగితే చాలు, అన్నం లేకపోయినా కుక్కకి నోట్లో నీళ్ళూరతాయని మా పాఠాల్లో ఉంది. అట్టముక్క ముందు కూర్చున్న మనిషిని చూసి నేను వెంటనే రోగనిర్ణయం చేసేశాను: అలవాటు. చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టుకున్నాను కూడా. ఇరవై రెండేళ్ళ అనుభవం అంటే అదీ.

పదో రోజున అడుమ్ బజారుకి వెళ్ళాను. ఎలక్ట్రానిక్ సామాను అమ్మే ఫోస్టీనా అనే ఆవిడ దుకాణంలో గోడనిండా టీవీలు ఒకేసారి ఒకే ఫుట్‌బాల్ ఆట చూపిస్తున్నాయి. మూలగా, ఒంటరిగా, మౌనంగా ఒక మానిటర్ ఉంది. చూడగానే గుర్తుపట్టాను. బంధువుని గుర్తుపట్టినట్టు.

"ఎక్కడ పెడతావు బాస్?" అని అడిగింది ఫోస్టీనా.

"హాల్లో."

"హాల్లోకా? అయితే ఇటు రా, టీవీలు చూపిస్తా. అది ఆఫీసులో తలుపేసుకుని పని చేసుకునేవాళ్ళది."

"తలుపు నేను కూడా వేసుకోగలను."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "దానికి నోరు లేదు. చెవులకి పెట్టుకునేవి వేరే కొనుక్కోవాలి. ఒక్కడికే వినిపిస్తుంది."

"ఒక్కడికే అంటే, పక్కన ఉన్నవాళ్ళకి బొత్తిగా వినపడదా?"

"బొత్తిగా."

"ఇంకా చెప్పండి."

"రిమోట్ లేదు. వెనకాల బొత్తం ఉంటుంది, లేచి తడుముకోవాలి. ఇంకో సంగతి, ఎదురుగా కూర్చుంటేనే బొమ్మ బాగుంటుంది. పక్కనించి చూస్తే మసక. బాగా పక్కకి కూర్చుంటే నల్లగా, పాడుబడ్డ నూతిలోకి చూసినట్టుంటుంది. ఇవన్నీ ఇప్పుడే చెప్తున్నా, రేపు మళ్ళీ మోసుకొచ్చి నా మీద అరవకు."

ఒక్కొక్క లోపం చెబుతుంటే నా గుండె ఒక్కొక్క మెట్టు ఎక్కుతోంది. నూతిలోకి చూసినట్టు! ఒపానిన్ పీట ఉండేది సరిగ్గా పక్కగా, కిటికీ కింద.

చివరికి ఆవిడ అడగవలసింది అడిగింది. "ఇంట్లో ఎంతమంది చూస్తారు?"

"ఒక్కణ్ణే" అన్నాను. ఎంత తొందరగా అన్నానంటే, ఆవిడ ప్రశ్న పూర్తి కాకముందే జవాబు బల్ల మీద ఉంది.

"పెళ్ళాం చూడదా?"

"లేదు."

"ఊఁ" అంది ఫోస్టీనా, మానిటర్‌ని అట్టపెట్టెలోకి దింపుతూ. "ఎందుకు లేదో అర్థమైందిలే బాస్."

ఆ సాయంత్రం ఏడింటికి తవియా వచ్చాడు. నీళ్ళిచ్చాను, విశేషం అడిగాను, నేనెలా ఉన్నానో చూసి పోవడానికే వచ్చానన్నాడు. తన పీట నిలబెట్టుకుని కిటికీ కింద కూర్చున్నాడు. నేను నా ల్యాప్‌టాప్ వైరు తెరకి తగిలించి, దానికి ఒకటిన్నర మీటర్ల దూరంలో, సూత్రం ప్రకారం, మధ్యగా కుర్చీ వేసుకుని, చెవులకి పెట్టుకునేవి పెట్టుకున్నాను.

"కరెంటు పోయిందా మాస్టారూ?"

"లేదు ఒపానిన్. అక్కణ్ణించి అలాగే ఉంటుంది."

"ఓహో" అన్నాడు. కొంచెం సేపాగి, "మాటలు?"

చెవులు చూపించాను. అర్థమైనట్టు తల ఊపాడు. తర్వాత నేను ఒక డాక్యుమెంటరీ చూశాను. హిమాలయాల్లో ముప్ఫై ఏళ్ళు ఒంటరిగా ఉన్న ఒక గడ్డం సన్యాసి గురించి, ఆ ఒక్క ముక్క మాత్రం మొదట్లోనే ఒపానిన్‌కి చెప్పాను. అద్భుతం. గడ్డంలో ప్రతి వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. మధ్యలో ఒకసారి పక్కకి చూస్తే తవియా తెరకేసి చూడటం లేదు. నాకేసి చూస్తున్నాడు. నేను కనుబొమలు ఎగరేస్తే ఎగరేశాడు, నేను నవ్వితే నవ్వాడు. పెదాలు కదిలాయి, ఆ సన్యాసి మంచివాడేనా అని అడిగి ఉంటాడు. నాకు వినపడలేదు. ఆరేళ్ళలో మొదటిసారి ఒక ప్రశ్న నాదాకా రాలేదు! ఆ సుఖాన్ని మీకు ఎలా వర్ణించను?

తొమ్మిదింటికి ఆయన లేచాడు. పీట ఒరగబెట్టాడు. నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు కాబట్టి ఒక చెవిది తీశాను.

"సగం దారి ఇప్పించు మాస్టారూ."

నేను అప్పటికి పూర్తిగా గాల్లో ఉన్నాను. కొత్త వస్తువు తెచ్చిన మత్తు, సన్యాసి తెచ్చిన మత్తు. చెయ్యి విశాలంగా చాపాను.

"సగం ఎందుకు ఒపానిన్? మొత్తం తీసుకోండి."

నోరు జారిందని మీరు సర్దిచెబుతారు. నేను ప్రతి ఏడాదీ క్లాసులో చెప్పే మాట ఏమిటంటే నోరు ఊరికే జారదు, లోపలినుంచి ఎవరో తోస్తారు. మొత్తం దారి ఎవరికిస్తాం మనం? మళ్ళీ రానక్కర్లేనివాళ్ళకి. మా వాడలో ఆ మాట నేను ఇంతకుముందు ఒక్కసారే విన్నాను, అది శవపేటిక పక్కన నిలబడి అన్నారు.

తవియా వెనక్కి వెళ్ళి, ఒరగబెట్టిన పీటని ఎత్తి, చంకలో పెట్టుకుని, వాకిలి దాటాడు. పదిహేడడుగులు.

ఇక ఆ తర్వాత నేను అనుభవించిన ప్రశాంతత గురించి చెప్పనివ్వండి. మర్నాడు ఏడయింది, ఎవరూ రాలేదు. ఏడుంపావు అయింది, రాలేదు. గ్లాసుతో నీళ్ళు పట్టి పెట్టాను, అలవాటు అని ముందే చెప్పాను కదా, అవి నేనే తాగాను. మూడో అధ్యాయం తెరిచాను. 'ఏకాంతం అనగా' అని రాశాను. అనగా ఏమిటో తట్టలేదు. పరవాలేదు, ఇంత పెద్ద మాట అంత తొందరగా తడుతుందా?

అయిదో రోజుకల్లా సినిమాలు విసుగొచ్చాయి. అప్పుడు మానిటర్‌లోని అసలైన కార్యక్రమం కనిపెట్టాను. వైరు ఊడదీస్తే 'సిగ్నల్ లేదు' అన్న చిన్న పెట్టె తెర మీద మెల్లిగా తేలుతుంది. ఒక అంచుకి తగిలి వెనక్కి వస్తుంది, ఇంకో అంచుకి వెళ్తుంది. ఎప్పుడో ఒకప్పుడు సరిగ్గా మూలకి తగలాలి కదా? పది నిమిషాలకోసారి వెనక బొత్తం తడిమి దాన్ని నిద్రలేపుతూ, పుస్తకం పక్కన పెట్టి, ఆరు సాయంత్రాలు చూశాను. మధ్యలో ఏ అత్తగారూ అడ్డు రాలేదు. పదకొండో రోజున, ఏడు గంటల నలభై నిమిషాలకి, ఆ పెట్టె ఎడమవైపు పైమూలకి తగిలింది. సరిగ్గా మూలకి! నేను కుర్చీలోంచి లేచి రెండు చేతులూ ఎత్తి, "చూశారా?" అంటూ కిటికీ కిందికి తిరిగాను.

గచ్చు మీద అన్నం పళ్ళెం పట్టేంత మేర రంగు కొంచెం వేరుగా ఉంది. ఆరేళ్ళు పీట ఉన్న చోటు.

వాకిట్లో ఎదురుపడితే తవియా మర్యాదలో లోటు చెయ్యడు. పొద్దున పలకరింపు పొద్దున, సాయంత్రం పలకరింపు సాయంత్రం. ఇంట్లోకి మాత్రం రాడు. ఆయన తప్పేముంది? నేనే ఇచ్చాను.

ఇవాళ సాయంత్రం ఆరింటికి చేపల కోసం గేటు దగ్గరికి వెళ్ళాను.

"నీ కొత్త టీవీకి మాటలొచ్చాయా మాస్టారూ?" అంది మామె సెర్వా, కెంకే పొత్తి విప్పుతూ.

"అది టీవీ కాదు. మానిటర్."

"అంటే బళ్ళో అల్లరి చేసినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాసేవాడా? మంచిదే. నీ పేరు రాసిందా?"

నేను మిరపకాయల పచ్చడి వైపు చూశాను.

"ఒపానిన్ రోజూ ఏడింటికి ఏం చేస్తున్నాడో తెలుసా?" అంది. "గదిలోంచి వస్తాడు. వాకిలి సగం దాకా నడుస్తాడు. గడియారం చూసుకుంటాడు. వెనక్కెళ్ళిపోతాడు. నిన్న అడిగాను, ఎక్కడికి తాతా అని. పట్టాలు తీసేశారమ్మా అన్నాడు."

"ఆయనకి టీవీ లేక తోచడం లేదు. ఎవరైనా ఒకటి..."

మామె సెర్వా చేతిలో పని ఆపేసింది. "టీవీ లేకనా? ఆయన గదిలో నీ దానికంటే పెద్దది ఉంది. మేనల్లుడు కొనిచ్చి మూడేళ్ళయింది. దాని మీద టోపీ పెట్టుకుంటాడు."

చేపల నూనె చిటపటలాడుతోంది.

"నీ తల్లి నలభయ్యో రోజు అయిన మర్నాడు లోగిలంతా ఇక్కడే కూర్చున్నాం" అంది ఆవిడ. "ఈ మాస్టారు తలుపేసుకుని పుస్తకాల్లో పడి తిండి కూడా మర్చిపోతాడు, రోజూ ఎవరో ఒకరు వెళ్ళి చూసి రావాలి అనుకున్నాం. వంతులు వేసుకుందామంటే ఒపానిన్ ఒప్పుకోలేదు. ఏడింటి బండి నాది అన్నాడు. రాత్రి వచ్చి నాకు చెప్పి పడుకునేవాడు. ఇవాళ తిన్నాడు, ఇవాళ తినలేదు, ఇవాళ గడ్డం గీసుకున్నాడు, ఇవాళ సీరియల్‌లో నవ్వాడు. అంత చదువు చదివావు, అట్టముక్క చూడ్డానికి ఎవడైనా తొమ్మిది రోజులు వస్తాడా?"

చీటీ ఇంకా పుస్తకంలోనే ఉంది. అలవాటు అని, కింద రెండు గీతలు గీసి.

ఆరేళ్ళపాటు ఒక మనిషి రోజూ నా గుమ్మంలో నిలబడి, ఎందుకొచ్చాడో అచ్చంగా అదే చెప్పాడు. నువ్వెలా ఉన్నావో చూసి పోదామని. నేను ఆ మాట వెనక ఏముందా అని వెతికాను. మాటలోనే ఉంటుందని మా పాఠాల్లో లేదు.

ఏడింటికి రెండు నిమిషాలుండగా వాకిట్లోకి దిగాను. ఆయన గది తలుపు తట్టాను. తవియా గార్డు ఉద్యోగం నాటి ఖాకీ చొక్కాలో, బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నాడు. నన్ను చూసి లోపలికి జరిగాడు. ఆయన పీట గోడ పక్క ఒరిగి ఉంది. టీవీ నిజంగానే పెద్దది. దాని మీద టోపీ.

నీళ్ళిచ్చాడు. తాగాను.

"ఇక్కడ అంతా చల్లగానే ఉంది" అన్నాడు. "దారిన పడి వచ్చింది నువ్వు. ఏమిటి విశేషం?"

ఆరేళ్ళుగా నేనడిగిన ప్రశ్న. జవాబు ఇంత బరువుంటుందని తెలిస్తే అంత తేలిగ్గా అడిగి ఉండేవాణ్ణి కాదు.

"చెడ్డకబురేమీ లేదు ఒపానిన్. ఆ రోజు మీకు దారి మొత్తం ఇచ్చేశాను. అందులో సగం వెనక్కి తీసుకోడానికి వచ్చాను."

ఆయన ఎడమచెవి నావైపు తిప్పి, మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. గట్టిగా చెప్పవలసి వచ్చింది. వాకిట్లో పొయ్యి దగ్గర చప్పుళ్ళు ఆగిపోయాయి.

"మొత్తం ఇచ్చాక నాకు రావడానికేం మిగిలింది మాస్టారూ?" అన్నాడు. కోపంగా అనలేదు. టికెట్టు చూస్తున్నట్టు అన్నాడు. "ఇచ్చింది వెనక్కి అడగడానికి సిగ్గుగా లేదూ?"

"ఉంది."

"ఉంటే మంచిదే. తీసుకో."

కాసేపు ఇద్దరం టోపీకేసి చూశాం.

"ఇది పనిచేస్తుందా?" అని అడిగాను.

"ఏమో, ఎప్పుడూ వెయ్యలేదు. ఒక్కణ్ణే కూర్చుని చూడ్డానికి అదేమన్నా మందా?" కొంచెం ముందుకి వంగాడు. "అది సరేగాని, ఆ గడ్డపాయన సంగతేమిటి? ముప్ఫై ఏళ్ళు కొండ మీద ఉన్నాడు కదా, మంచివాడేనా?"

"తెలియదు ఒపానిన్. మీరు చూస్తే చెప్పగలరు."

కాబట్టి పాఠకులారా, నా మాట నమ్మండి, మానిటర్ కొనండి. గోడ కొలవండి, కన్ను కొలవండి, అట్టముక్కలు అంటించండి. దుకాణంలో ఎంతమంది చూస్తారని అడిగితే మాత్రం ఆ ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగండి.

లేచి, "సగం దారి ఇప్పించండి" అన్నాను.

"సగమే" అన్నాడు తవియా, వేలు చూపించి. "ఇప్పుడు నీ సగం నా దగ్గరుంది, నా సగం నీ దగ్గరుంది. ఇక ఈ వాకిట్లో ఇద్దరం తిరుగుతూనే ఉండాలి." కాలితో పీటని నావైపు కొంచెం తోశాడు. "నువ్వు పద. నేను టోపీ పెట్టుకొస్తా."

పీట అనుకున్నదానికంటే బరువుగా ఉంది. పదిహేడడుగులు మోశాను. హాల్లోకి వచ్చి, తెరకి ఒకటిన్నర మీటర్ల దూరంలో మధ్యగా ఉన్న నా కుర్చీని కిటికీ కిందికి, నూతిలా కనిపించే చోటికి ఈడ్చాను. ఖాళీ అయిన ఆ చోట పీటని పక్కకి ఒరగబెట్టాను.